నలుపు మీద పసుపు

"మిసెస్ టల్లాక్!"

మా అత్తగారు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను. వీధిలో ఎవరూ లేరు. పెళ్లయి రెండు వారాలైంది. ఆ పేరు నాదేనని నా చెవులకింకా నమ్మకం కుదరలేదు.

పిలిచింది నోరీన్ పాస్కో, పొద్దున్నే ఫోను చేసి నన్ను రమ్మన్నావిడ. వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటిమీది గౌను నలిగిపోయి, నిన్నటిదేనని తెలుస్తోంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"తొందరగా రండి. నన్ను స్టేషన్‌కి పట్టుకుపోతాడట. టీ తాగడం అయ్యేదాకా ఆగుతానన్నాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, నేనే." ఆమె భుజం మీదుగా ఇన్‌స్పెక్టర్ స్టెబింగ్ తల బయటపెట్టాడు. చేతిలో ఫ్లాస్కు మూత, అందులో పొగలు కక్కుతున్న టీ. "ఓహో, ప్రాట్! సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టావని విన్నాను."

"ఇప్పుడు ప్రాట్ కాదండీ, టల్లాక్. పెళ్లి చేసుకున్నాను."

"ఎవర్ని?"

"బస్సు కండక్టర్ని."

"మంచి పని చేశావు. టికెట్టు లేకుండా తిరగొచ్చు. వచ్చిన బస్సే ఎక్కి ఇంటికి పో మరి."

పోలీసు కొలువులో ఉన్నన్నాళ్లూ ఈ మనిషికి టీ కాచి ఇచ్చాను. నా చేత ఒక్క కేసు కాగితం ముట్టుకోనివ్వలేదు. అయితేనేం, ఆయన టీ ఎంత వేడిగా పోసుకుంటాడో, ఎంత నింపాదిగా తాగుతాడో వాళ్లావిడకంటే నాకే బాగా తెలుసు. మూత నిండుగా ఉంది. నాకు ఆపాటి వ్యవధి చాలు.

"మీ టీ అయ్యేలోపు నేను ఏదీ తేల్చలేకపోతే, నేనే ఈవిడకి కోటు తొడిగి మీ కారెక్కిస్తాను," అన్నాను.

ఆయన ఒక గుక్క తాగాడు. "సరే, కానియ్. ఆదివారం పూట కాస్త వినోదం."

జరిగింది పొద్దున పేపర్లలో కూడా వచ్చింది. నోరీన్ భర్త గిడియన్ పాస్కోని నిన్న ఎవరో ఈ వర్క్‌షాపులోనే తల వెనక కొట్టారు. ఆయన స్పృహ లేకుండా రెండు వీధుల అవతల ఆసుపత్రిలో ఉన్నాడు. గిడియన్ అంటే తెలియనివాళ్లు తక్కువ. సముద్రం ఒడ్డున మిఠాయి కడ్డీలు చేసి అమ్మినాయన కొడుకు. సైన్‌బోర్డులు రాస్తూ చదువుకుని ఆర్ట్ కాలేజీ మెట్లెక్కాడు. అక్కడ అందరూ దేవతల్నీ యాపిల్‌పళ్లనీ గీస్తుంటే ఈయన సబ్బుపొడి డబ్బాల్నీ, కుస్తీ పోటీల పోస్టర్లనీ, పుల్ల ఐస్‌క్రీముల్నీ గోడంత గీశాడు. మొదటి ప్రదర్శనలో ఒక పెద్దమనిషి, "ఇది ఆర్ట్ గ్యాలరీయా, కిరాణా కొట్టా?" అని అడిగితే, "కిరాణా కొట్టేనండీ. మా అమ్మ జన్మలో చూసిన గ్యాలరీ అదొక్కటే," అన్నాడట. ఆ మాట చదివిన రోజే నాకు ఆయనంటే ఇష్టం ఏర్పడింది. మా వంటింటి తలుపుకి ఆయన ఐస్‌క్రీం బొమ్మ పోస్టరు అంటించుకున్నాం. పెళ్లయ్యాక నేనూ మా ఆయన విల్ఫూ కలిసి కొన్న మొదటి వస్తువు అదే.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?" నోరీన్‌ని అడిగాను.

"మా అక్క దగ్గర. ఐదున్నరకి వచ్చాను. తిన్నగా మేడ మీదకి వెళ్లి వంట చేసుకున్నాను."

"వర్క్‌షాపులోకి తొంగిచూడలేదా?"

"ఆయన పనిలో ఉన్నప్పుడు తలుపు తట్టకూడదు. పిలిస్తేనే రావాలి. నేనైనా సరే. వంట చల్లారిపోయింది. ఏడింటికి ఇక కోపం ఆగక దిగాను. నేల మీద బోర్లా పడి ఉన్నాడు."

"గురువారం మొగుడూ పెళ్లాలు కేకలేసుకున్నారు," స్టెబింగ్ అందుకున్నాడు. "పక్కింటివాళ్లు విన్నారు."

"వేసుకున్నాం. వేసుకోమా?" నోరీన్ నా వైపు తిరిగింది. "మీరూ మీ ఆయనా దెబ్బలాడుకోరా?"

"రెండు వారాలేగా, ఇంకా మొదలుపెట్టలేదు. దేనికి కేకలు?"

"ఒకటో నంబరు గురించి. ఏ బొమ్మైనా ఆయన ఇన్ని ప్రతులే అని లెక్కగా వేసి, ప్రతిదాని మీదా నంబరు రాస్తాడు. ఒకటో నంబరు ఎప్పుడూ నాది. అది అమ్మకానికి కాదు. పెళ్లినాటి నుంచీ మా ఇంటి ఆచారం అది. గురువారం ఎవరింటికో వెళ్తే, వాళ్ల గోడ మీద కుస్తీవాడి బొమ్మ ఒకటో నంబరుతో కనిపించిందట. నేను అమ్ముకున్నాననుకుని ఇంటికొచ్చి ఒకటే అరుపు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి చూపించాను. పొయ్యి మీద గోడకే ఉంది, నూనె చుక్కలతో సహా."

"అంటే ఒకటో నంబరు బొమ్మలు రెండున్నాయన్నమాట."

"అవును. దాంతో నోరు మూతపడింది. నా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. 'దొంగ ప్రతులు వేస్తున్నారే. ఎవరో నాకు తెలుసు, శనివారం మొహమ్మీదే అడుగుతాను,' అన్నాడు. ఎవరని అడిగితే చెప్పలేదు."

"చెప్పలేదు! ఎంత కలిసొచ్చిందో చూడు," అన్నాడు స్టెబింగ్. "ప్రాట్, కథలు కాదు, సాక్ష్యం కావాలి నాకు. లోపలికి రా. మీరు అక్కడే ఉండండమ్మా, గుమ్మం దాటొద్దు."

వర్క్‌షాపు ఒకప్పుడు లాండ్రీ దుకాణం. బట్టలారేసే తాళ్లు గిడియన్ తీయించలేదు. ఇప్పుడు వాటికి చొక్కాల బదులు బొమ్మలు క్లిప్పులతో వేలాడుతున్నాయి. అన్నిటిలోనూ నోరీనే. పసుపుపచ్చ జుట్టు, ఎర్రటి పెదాలు, నీలం ఆకాశం, పళ్ల మధ్య మిఠాయి కడ్డీ, నల్లటి గీతల్లో కనుబొమలూ కనురెప్పలూ. ఆ హడావుడిలోనూ ఆ మొహం నాకు నవ్వు తెప్పించింది. ప్రేమించినవాడు తప్ప ఇంకొకడు వెయ్యలేడు ఆ బొమ్మ.

గోడవారన పట్టుగుడ్డ బిగించిన చట్రాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో రంగుకి ఒక్కో చట్రం. కాగితం మీద చట్రం పరిచి, రబ్బరు అంచున్న చెక్కతో రంగు లాగితే బొమ్మ దిగుతుంది. మూడు చట్రాలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. నాలుగోది బల్ల మీదే ఉంది. గుడ్డ కన్నాల నిండా పసుపు పేరుకుపోయింది.

స్టెబింగ్ తాడు చివరనున్న బొమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఆ బొమ్మ నిన్న రాత్రి ఏడున్నరకి తడిగా ఉంది. మా కానిస్టేబుల్ వేలు ముంచేశాడు. ఈ ప్రింటు సిరా గంటలో ఆరుతుందని అమ్మే కొట్టువాడే చెప్పాడు. అంటే పాస్కో ఆరున్నర దాకా లక్షణంగా పనిచేసుకుంటున్నాడు. దెబ్బ తగిలింది ఆ తర్వాత. ఆరున్నరకి ఇంట్లో ఉన్నది ఎవరు? ఈవిడొక్కతే. ఇంతే కేసు."

పైకి చూస్తే ముడి బిగుతుగానే ఉంది. నేను ఆ బొమ్మ దగ్గరికి వెళ్లబోతుంటే గుమ్మంలో మాటలు వినిపించాయి.

"నోరీన్, నా బంగారు తల్లీ! ఎంత ఘోరం జరిగింది!"

వచ్చింది సెడ్రిక్ లాంబోర్న్. గిడియన్ బొమ్మలన్నీ అమ్మిపెట్టే గ్యాలరీ యజమాని. మీగడరంగు సూటు, అదే రంగు చేతితొడుగులు, చంకలో ద్రాక్షపళ్ల పొట్లం. నోరీన్ బుగ్గకి బుగ్గ ఆనించి, ఇన్‌స్పెక్టర్‌కి తల వంచి, తిన్నగా లోపలికి నడిచాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ పని అయిపోతే బొమ్మలు పట్టుకెళ్తాను. రేపు గోడకి ఎక్కించాలి. గిడియన్‌కి మనం చేయగలిగింది అదే కదా." ఆయన చెయ్యి ముందు వెళ్లింది తాడు చివరికే.

నేను అడ్డంగా నిలబడ్డాను. "ఒక్క కాగితం కూడా కదలకూడదు."

"ఈ అమ్మాయి ఎవరు?"

"టీ కాచే అమ్మాయి," అన్నాడు స్టెబింగ్.

"డిటెక్టివ్‌ని," అన్నాను. "నిన్న మీరు ఇక్కడికి వచ్చారని పేపర్లో చదివాను."

"వచ్చాను. మూడింటికి వచ్చి నాలుగింటికి వెళ్లిపోయాను. ఐదింటి నుంచి మా గ్యాలరీలో విందు. ఊళ్లో సగంమంది నా చుట్టూనే ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు వాళ్లందర్నీ అడిగేశారు కూడా."

"మీరు వెళ్లేటప్పటికి గిడియన్ ఏం చేస్తున్నారు?"

"ఇంకేం చేస్తాడు? ఈల వేసుకుంటూ ప్రింటు వేస్తున్నాడు."

"ఏ రంగు?"

ఒక్క రెప్పపాటు ఆగాడు. "పసుపు."

"ఒకటో నంబరు గురించి మిమ్మల్ని ఏమైనా అడిగారా?"

"ఒకటో నంబరా? అదేమిటి?" నవ్వాడు. "చూడమ్మా, విషయం తెలిసిన దగ్గర్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నీరసంతో కళ్లు తిరుగుతున్నాయి. నన్ను వదిలెయ్."

నాకు నిజంగానే జాలేసింది. సంచీలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి చేతిలో పెట్టాను. విల్ఫ్ రోజూ పొద్దున్నే నా గుడ్డు మీద పెన్సిల్‌తో ఓ మొహం గీసి పంపిస్తాడు. ఇవాళ్టి మొహానికి మీసాలు కూడా ఉన్నాయి. ఇంకొకరికి ఇవ్వాలంటే ప్రాణం ఒప్పుకోలేదు గానీ, ఆకలన్నవాడికి లేదంటామా?

"ఒలుచుకుని తినండి."

లాంబోర్న్ గుడ్డుని చూశాడు. తన చేతితొడుగుల్ని చూశాడు. కాసేపు బంతిలా అటూ ఇటూ దొర్లించి, దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు. "తర్వాత చూద్దాం."

"నాలుగ్గోడల మధ్య కూడా అవి తియ్యరా?"

"ఇప్పుడిదే ఫ్యాషన్. నీకు తెలీదులే."

ఆడవాళ్ల ఎదుట, ఇంటి లోపల, చేతితొడుగు తియ్యని పెద్దమనిషిని నేను మన దేశంలో ఇంతవరకు చూడలేదు. మా విల్ఫ్ బస్సులో టికెట్టు ఇచ్చేటప్పుడు కూడా తీసే ఇస్తాడు. అనుమానం వేసింది గానీ దాన్ని ఎక్కడ తగిలించాలో అప్పటికి తోచలేదు.

"సెడ్రిక్," గుమ్మం దగ్గర్నుంచి నోరీన్ అంది, "ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వేళ్లు కదిలించాడట! ఏ క్షణానైనా కళ్లు తెరవచ్చంటున్నారు. నన్నే వెళ్లనివ్వడం లేదు వీళ్లు."

"ఎంత మంచి కబురు!" లాంబోర్న్ ద్రాక్షపొట్లం సర్దుకున్నాడు. "నీ బదులు నేను వెళ్లి కూచుంటాను."

"దగ్గర బంధువుల్ని తప్ప రానివ్వరు."

"నేను మాట్లాడుకుంటానుగా."

"వెళ్లండి," అన్నాడు స్టెబింగ్. "మా కానిస్టేబుల్ కూడా అడ్డు చెప్పడు. పొద్దున్నే వెనక్కి పిలిపించేశాను. ముద్దాయి ఇక్కడుంటే అక్కడ కాపలా దేనికి?"

బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. స్టెబింగ్ మూతలోకి తొంగిచూసి, "సగానికి వచ్చింది, ప్రాట్," అన్నాడు.

నేను తాడు చివరికి వెళ్లాను. అంతమంది నోరీన్‌లలో ఈ నోరీన్ ఎందుకో బాగాలేదు. మొహం పాలిపోయినట్టుంది. ఇంకా దగ్గరికి జరిగి చూద్దామని కాగితం అంచు పట్టుకున్నాను.

వేలు జారింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వేలి నిండా పసుపు. నా కొత్త ఉంగరం మీద కూడా పసుపు! రుమాలుతో తుడిచాను, పోలేదు, ఇంకా పాకింది. విల్ఫ్‌కి ఏం చెప్పుకోవాలిరా దేవుడా అనుకుంటూ మళ్లీ రుద్దబోయి, అలాగే ఆగిపోయాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ సిరా ఎంతసేపట్లో ఆరుతుందన్నారు?"

"గంట. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇప్పుడు మర్నాడు పొద్దున. ఇదిగో." పసుపు వేలు ఆయన ముక్కు ముందు పెట్టాను. "ఇంకా తడిగానే ఉంది."

టీ మూత పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది.

"వాసన చూడండి. అవిసె నూనె. ఇది ప్రింటు సిరా కాదు, ట్యూబులో వచ్చే నూనెరంగు. వారమైనా పూర్తిగా ఆరదు. రాత్రి ఏడున్నరకి తడిగా ఉందంటే ఆరున్నరకే వేశారని ఏముంది? నాలుగింటికి వేసినా అంతే తడిగా ఉంటుంది."

ఆయన వేలు పెట్టి తాకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మొండిగా తల ఆడించాడు. "సిరా అయిపోయి ఉంటుంది. చేతికందింది వాడేశాడు. చిత్రకారుల తిక్క నీకూ నాకూ అర్థమవుతుందా?"

"అర్థమయ్యేవాళ్లని పిలుద్దాం. నోరీన్ గారూ, లోపలికి రండి."

"గుమ్మం దాటొద్దన్నాను!"

"టీ ఇంకా ఉందిగా?"

నోరీన్ వచ్చింది. నిన్న రాత్రి నుంచీ పోలీసులు ఆమెని లోపలికి రానివ్వలేదు. భర్తకి దెబ్బ తగిలాక ఆ బొమ్మని ఆమె తేరిపార చూడటం ఇదే మొదటిసారి. ఒక్క క్షణమే చూసింది.

"ఇది గిడియన్ వేసింది కాదు."

"ఎలా చెప్పగలరు?"

"నా కనురెప్పలేవి?"

అప్పుడు కనిపించింది నాకు. మిగతా బొమ్మల్లో జుట్టు పసుపుగా ఉంది, దాని మీద నల్లటి గీతలు నిగనిగలాడుతున్నాయి. ఇందులో పసుపే గీతల మీదకి ఎక్కి కూచుంది. నలుపు కింద పడి నలిగి, పాచిరంగుకి తిరిగింది. నుదుటి మీది ముంగురులూ వాటి కిందున్న రెప్పలూ మురికి మరకల్లా మిగిలాయి.

"లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత," నోరీన్ అంది. "పసుపు, ఎరుపు, నీలం, అన్నిటికంటే చివర నలుపు. నలుపు పడితేనే బొమ్మ కళ్లు తెరుస్తుంది. అందుకే ఆ ఒక్క రంగుకీ నన్ను పిలుస్తాడు. 'నోరా, రావే, కళ్లు తెరిపిస్తున్నాను' అని కేక వేస్తాడు. ఏ బొమ్మకైనా అంతే. ఈ బొమ్మకి శుక్రవారం కళ్లు తెరిపించాడు. నేను ఇక్కడే నిలబడి చూశాను. పని పూర్తయిందని చట్రాలన్నీ ఇద్దరం కలిసి కడిగాం. శనివారం పసుపు ఎందుకు వేస్తాడండీ? రెప్పలు కప్పేసి నన్ను గుడ్డిదాన్ని చేస్తాడా?"

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?" స్టెబింగ్ అరిచాడు.

"మీరు అడిగారా? తడి, తడి అన్నారు. ఏ రంగు తడో చెప్పారా?"

స్టెబింగ్ తన వేలి మీది పసుపుని రుమాలుకి తుడుచుకోబోయాడు.

"నేను అడిగాను," అన్నాను. "ఏ రంగని ఇందాక నేను అడిగాను. లాంబోర్న్ పసుపన్నాడు. శుక్రవారమే నలుపు పడిపోయిన బొమ్మకి శనివారం నాలుగింటికి ఈల వేస్తూ పసుపు వేస్తున్నాడని చెప్పాడు. జన్మంతా బొమ్మలు అమ్మాడు, ఒక్కసారీ వేసి చూడలేదు. ఏది ముందో ఏది తర్వాతో ఆయనకి తెలీదు. కానీ నూనెరంగు ఆరదని తెలుసు. గిడియన్‌ని కొట్టి, చచ్చిపోయాడనుకుని, దెబ్బ సాయంత్రం తగిలిందనిపించేలా చేతికందిన చట్రంతో ఈ తడి వేషం వేసి, నింపాదిగా విందుకి వెళ్లాడు. ఇవాళ ఈ కాగితం మాయం చెయ్యడానికి వచ్చాడు."

"దొంగ ప్రతులు..." నోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "శనివారం అడుగుతానన్నది సెడ్రిక్‌నా!"

స్టెబింగ్ ఇంకా గింజుకుంటున్నాడు. "ఇదంతా నీ ఊహ. ఆయన్ని ఇక్కడికి కట్టేసేది ఏదైనా చూపించు."

బల్ల మీద నా గుడ్డు మీసాలతో నవ్వుతోంది.

"కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఉపవాసమన్నవాడు గుడ్డు ఒలుచుకోలేదు, చూశారుగా. ఒలవాలంటే చేతితొడుగు తియ్యాలి." నా ఉంగరం పైకెత్తి చూపించాను. "ఈ పసుపు తుడిస్తే పోదు. గోళ్ల సందుల్లో దూరితే అసలే పోదు."

స్టెబింగ్ మొహం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. జేబులోంచి సగం బయటికి వచ్చిన బేడీలు మళ్లీ లోపలికి వెళ్లాయి. నోరీన్ స్టూలు మీద కూలబడింది.

ఆ క్షణాన ఒక్క చిటికె సంతోషపడ్డాను, దాచడమెందుకు! మరుక్షణం ఇందాక కారు వెళ్లిన చప్పుడు గుర్తుకొచ్చింది. ద్రాక్షపళ్ల పొట్లం గుర్తుకొచ్చింది.

"ఆసుపత్రి!"

గోడకున్న ఫోను దగ్గరికి ఎలా వెళ్లానో తెలియదు. నంబరు నోరీన్ చెప్పింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తరే! చివరికి ఒక నర్సు గొంతు పలికింది.

"పాస్కో గారి గురించా? భలే సమయానికి చేశారు! ఇప్పుడే కళ్లు తెరిచారు. 'నోరా' అని కూడా అన్నారు. డాక్టరు గారికి కబురు పెడదామని బయటికి వచ్చాను."

"ఆయన పక్కన ఎవరున్నారు?"

"కంగారేం లేదమ్మా, వాళ్ల తమ్ముడు గారున్నారు. ద్రాక్షపళ్లు తెచ్చారు. ఎంత మర్యాదస్తులో!"

"నోరీన్, మీ ఆయనకి తమ్ముడున్నాడా?"

"లేడు. ఒక్కడే కొడుకు."

"నర్సమ్మా, నా మాట విను. అతను తమ్ముడు కాదు. ఫోను పక్కన పెట్టి, అరుస్తూ వెళ్లు. అందర్నీ పిలు. ఆ మంచం దగ్గర అతన్ని ఒంటరిగా ఉంచకు!"

"ఒంటరిగా ఏముందండీ, ఇక్కణ్ణుంచి నాకు మంచం కనిపిస్తూనే..." ఆమె ఆగిపోయింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది. "మంచం చుట్టూ తెర లాగి ఉంది. నేను లాగలేదే!"

అవతల రిసీవరు బల్లకి కొట్టుకుంది. పరుగెడుతున్న బూట్ల చప్పుడు. తర్వాత దూరంగా, తెర రింగులు కడ్డీ మీద సర్రున జరిగిన చప్పుడు. ఆ వెంటనే ఆమె కేక.

స్టెబింగ్ టీ మూత నేలకేసి కొట్టాడు. కారు తాళం అప్పటికే చేతిలో ఉంది. నోరీన్ చెప్పులు లేకుండానే గుమ్మం దాటేసింది. ఈసారి ఆమెని ఎవరూ ఆపలేదు.

"పదండి, మిసెస్ టల్లాక్!" అని అరిచాడాయన.

అత్తగారి కోసం నేను వెనక్కి తిరిగి చూడలేదు.